మాట మోసేవారి బాధ్యత

ఆంధ్రను ఆనుకుని ఉన్న ఒడిశా జిల్లాలు రాయగడ, కోరాపుట్, గజపతి, గంజాంలలో ఒకరి నోట బయలుదేరిన మాట తిన్నగా అవతలివారి చెవిన పడడం తక్కువ. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, ఆఫీసు కాగితంలో ఒడియా లేదంటే ఇంగ్లిషు, సంతలో దేశియా, కొండమీద కువి, కుయి, సవర అనే ఆదివాసీ భాషలు. పర్లాకిమిడిలోనో గుణుపురంలోనో తరాలుగా ఉంటున్న తెలుగు కుటుంబాన్నే తీసుకుంటే, తాతకు తెలుగు పేపరు చదవడం వస్తుంది గానీ ఒడియా అక్షరం రాదు. ఒడియా మీడియంలో చదివిన మనవడు తెలుగు గలగలా మాట్లాడతాడు, చదవలేడు. బ్యాంకు నోటీసు వచ్చినా, కరెంటు బిల్లు వచ్చినా, పింఛను గురించి ఫోనుకు మెసేజీ వచ్చినా తాత చూపు మనవడి మీదే.

రోజువారీ సంభాషణలో నీతి అనగానే అబద్ధమాడకు, దురుసుగా మాట్లాడకు, చాడీలు చెప్పకు అన్న నాలుగు ముక్కలు గుర్తొస్తాయి. ఇద్దరు మనుషులు ఒకే భాషలో ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకునే చోట అవి సరిపోతాయి. సరిహద్దు జిల్లాల్లో మాత్రం చాలాసార్లు సంభాషణలో మూడో మనిషి ఉంటాడు. రెండు భాషలూ తెలిసిన ఆ మనిషి ఏది చెబితే అదే అవతలివారు అన్న మాట. అతను చెప్పకుండా వదిలేసింది ఎవరూ అననట్టే. అతను దుబాసీ ఉద్యోగి కాడు. కొడుకో, మేనల్లుడో, పక్కింటి ఆవిడో, బస్టాండులో కనిపించిన తెలిసిన మనిషో. జీతం లేదు, శిక్షణ లేదు, తాను చేస్తున్నది ఒక బాధ్యత అన్న ఎరుక కూడా చాలాసార్లు ఉండదు. ఈ ప్రాంతంలో సంభాషణ నీతి గురించి మాట్లాడాలంటే ముందు ఈ మూడో మనిషి గురించే మాట్లాడాలి.

ఇక్కడి ఏ ప్రభుత్వాసుపత్రి ఓపీలోనైనా కనిపించే సన్నివేశం ఒకటుంది. నెలరోజులుగా దగ్గుతున్న ముసలావిడను ప్లస్‌టూ చదువుతున్న మనవడు తీసుకొస్తాడు. డాక్టరు ఒడియాలో అడుగుతాడు: దగ్గు ఎన్నాళ్లనుంచి, కళ్లెలో రక్తం పడుతోందా, సాయంత్రం పూట జ్వరం వస్తోందా, ఇంట్లో ఇంకెవరికైనా ఇలా ఉందా? మనవడు మామ్మ వైపు తిరగకుండానే అన్నింటికీ తనే జవాబు చెప్పేస్తాడు. పరీక్షలయ్యాక డాక్టరు చెబుతాడు: ఇది టీబీ, ఆరు నెలలు మందులు వాడాలి, ఒంట్లో బాగుందని మధ్యలో మానేయకూడదు, వాంతులైనా కళ్లు పచ్చబడినా వెంటనే రావాలి, చిన్నపిల్లలున్న ఇంట్లో జాగ్రత్తగా ఉండాలి, తిండి కోసం నెలకు ఇంత డబ్బు బ్యాంకులో పడుతుంది. రెండు నిమిషాల మాట. మనవడు మామ్మ వైపు తిరిగి, "మందులు రాశాడు మామ్మా, వేసుకుంటే తగ్గిపోద్దంట, పద" అంటాడు.

అందులో అబద్ధం ఒక్కటీ లేదు. మందులు రాసిన మాట నిజం, వేసుకుంటే తగ్గే మాటా నిజం. ఆ పిల్లవాడికి మామ్మ మీద ప్రేమ లేదనీ అనలేం, కాలేజీ మానుకుని తీసుకొచ్చాడు. కానీ ఆరు నెలలన్న మాట ఆమెకు చేరలేదు. రెండో నెలలో దగ్గు తగ్గుతుంది, ఆకలి పుడుతుంది, ఆమె మందు పక్కన పెట్టేస్తుంది. అలా మధ్యలో ఆపిన టీబీ మందులకు లొంగని టీబీగా తిరగబెట్టే ప్రమాదం ఉంటుంది. అప్పుడు చికిత్స ఇంకా కష్టం. కళ్లు పచ్చబడితే అది మందు వల్ల కాలేయానికి తగిలిన దెబ్బ కావచ్చని తెలియక ఇంట్లో పసర్లు పోసుకుంటూ కూర్చుంటుంది. నిక్షయ్ పోషణ్ యోజన కింద 2018లో నెలకు 500 రూపాయలతో మొదలై 2024 నవంబరు నుంచి 1000 అయిన సాయం సంగతీ ఆమె చెవిన పడదు.

మనవడు ఎందుకలా చేశాడు? ఒకటి, తొందర. బయట వరుస ఉంది, బస్సు టైమైంది. రెండోది సిగ్గు. టీబీ అన్న మాట పదిమంది వినేలా అనడం అతనికి ఇష్టం లేదు. మూడోది అన్నిటికంటే లోతైనది. మామ్మకు ఇవన్నీ ఎందుకు, చూసుకోవడానికి నేనున్నానుగా అన్న ధీమా. ఈ మూడో కారణం ప్రేమలాగే కనబడుతుంది కాబట్టి దాన్ని ఎవరూ తప్పు పట్టరు. పట్టాల్సింది మాత్రం దాన్నే. ఒక మనిషి ఒంటికి సంబంధించిన సంగతి ఆ మనిషికి తెలియకుండా ఇంకొకరు దాచిపెట్టుకుంటే, ఎంత మంచి మనసుతో చేసినా ఆమె హక్కు అందులో పోయింది.

న్యాయస్థానం ఈ సంగతి స్పష్టంగానే చెప్పింది. సమీరా కోహ్లీ కేసులో 2008లో సుప్రీంకోర్టు, రోగి ఒప్పుకున్నట్టు లెక్క కట్టాలంటే జబ్బేమిటో, చికిత్స ఏమిటో, దానివల్ల వచ్చే ముప్పేమిటో ఆమె నిర్ణయం తీసుకోవడానికి సరిపడా తెలిసి ఉండాలంది. ఆ తీర్పు డాక్టరు మీద పెట్టిన బాధ్యత అది. అయితే డాక్టరు నోటి నుంచి రోగి చెవి దాకా ఉన్న ఆ రెండు మూరల దూరంలో ఇక్కడ ఒక పదిహేడేళ్ల కుర్రాడు నిలబడి ఉంటాడు. అక్కడ చట్టం చేయి అందదు. అందాల్సింది అతని బుద్ధే.

పెద్ద జబ్బు సంగతి వచ్చేసరికి ఇది ఇంకా చిక్కుముడి. కేన్సరని తేలితే ముందు కొడుకులకు తెలుస్తుంది. "పెద్దాయనకి చెప్పకండి, గుండె ఆగిపోద్ది" అని డాక్టరునే బతిమాలతారు. డాక్టరుకు తెలుగు రాకపోతే బతిమాలే పని కూడా ఉండదు, చెప్పకుండా ఊరుకుంటే సరిపోతుంది. అన్నీ మొహం మీద చెప్పేయాలని ఎవరూ అనరు. "నాకెందుకు బాబూ అవన్నీ, మా పెద్దోడికి చెప్పండి" అనే మనుషులున్నారు, అలా అనడం వారి హక్కు. కానీ ఆ ప్రశ్న ఎవరో ఒకరు వారిని అడగాలి కదా. పొలం ఎవరి పేర రాయాలి, కూతురికి పెడతానన్న బంగారం ఇప్పుడే ఇవ్వాలా, తిరుపతి వెళ్లి రావాలా, తగాదా పడిన తమ్ముడితో ఒకసారి మాట్లాడాలా అన్నవి తన దగ్గర ఎంత టైముందో తెలిసిన మనిషి ఆలోచించుకోవాల్సిన విషయాలు. "డాక్టరు గారు ఏం చెప్పినా నీకు చెప్పమంటావా, నన్నే చూసుకోమంటావా నాన్నా" అని పరీక్షలకు వెళ్లే దారిలోనే అడగడం ఏమంత కష్టం కాదు. జవాబు ఏదైనా అది ఆయన జవాబు అవుతుంది.

ఇదే సరిహద్దు తెలుగు మనిషి విశాఖపట్నం రైలెక్కితే కథ తలకిందులవుతుంది. అక్కడి పెద్దాసుపత్రి కె.జి.హెచ్. వార్డులో తెలుగు తెలిసిన రాయగడ మనిషికి ఏ దిగులూ లేదు. అతని వెంట వచ్చిన ఒడియా పొరుగువాడికీ, బిస్సంకటక్ వైపు నుంచి వచ్చిన కువి కుటుంబానికీ ఇప్పుడు అతనే నోరు. కోరాపుట్ ఆసుపత్రిలో నర్సు విసుక్కున్న మాట అర్థం కాక బిక్కమొహం వేసుకున్నవాడే ఇక్కడ ఇంకొకరికి సగం చెప్పి సగం మింగేయగల స్థితిలో ఉంటాడు. రెండు వైపులా ఉండి చూసినవాళ్లకు ఈ బాధ్యత ఎంతటిదో వేరే చెప్పక్కర్లేదు. అందుకే ఈ సరిహద్దు తెలుగువారి నుంచి ఎక్కువ ఆశించడం అన్యాయం కాదు.

కోర్టులు ఈ మూడో మనిషిని మొదటినుంచీ గట్టిగానే పట్టించుకున్నాయి. 1969 నాటి ప్రమాణాల చట్టం ప్రకారం సాక్షితో పాటు దుబాసీ కూడా ప్రమాణం చేయాలి. 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో 282వ సెక్షన్, అనువదించేవాడు ఉన్నది ఉన్నట్టు చెప్పడానికి కట్టుబడి ఉండాలంది. 2024 జూలై 1 నుంచి ఆ కోడ్ స్థానంలో భారతీయ నాగరిక్ సురక్షా సంహిత అమల్లోకి వచ్చినా ఆ కట్టుబాటు అలాగే ఉంది. అంటే కోర్టు గుమ్మం లోపల మాట మోసేవాడు ప్రమాణం చేసిన మనిషి. గుమ్మం దాటి ఎదురుగా ఉన్న ఆఫీసుకు వెళితే అదే మాట మోసేవాడికి ఏ కట్టూ లేదు. మనుషుల బతుకులు తేలిపోయేది మాత్రం ఎక్కువగా ఆ ఎదుటి ఆఫీసుల్లోనే.

భూమి కాగితాల దగ్గర ఇది ఎంత దూరం పోతుందో చూడండి. కోరాపుట్, రాయగడ జిల్లాలు పూర్తిగా ఐదో షెడ్యూలు ప్రాంతాలు, అంటే ఆదివాసీల రక్షణ కోసం రాజ్యాంగం ప్రత్యేకంగా గుర్తించిన ప్రాంతాలు. ఆదివాసీ భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా ఆపడానికి 1956లో ఒడిశా ప్రత్యేకంగా ఒక రెగ్యులేషన్ తెచ్చింది. అలాంటి చట్టం అవసరం ఎందుకొచ్చిందంటే అప్పు కాగితం అనుకుని వేసిన వేలిముద్ర అమ్మకం కాగితం మీద తేలిన ఉదంతాలు ఈ కొండల్లో ఎన్నో ఉన్నాయి కాబట్టి. కాగితం రాసినవాడు ఒకడు, చదివి వినిపించినవాడు ఇంకొకడు, ముద్ర వేసినవాడు వేరొకడు. మోసం రాసినవాడిదేనని లోకం అంటుంది. చదివి వినిపించినవాడు పైన రెండు వరుసలు చదివి, "అంతా మామూలే, ఇక్కడ ముద్రెయ్యి" అన్నప్పుడే అది మోసంగా మారింది. ఆ మాటన్నవాడికి తెలుగూ, ఒడియా, కువి మూడూ వచ్చు. అన్ని భాషలు వచ్చినవాడి మౌనం ఎంత చేటు చేయగలదో దీనికంటే వేరే రుజువు అక్కర్లేదు.

తహసీలు ఆఫీసు బయట చెట్టుకింద దరఖాస్తులు రాసిపెట్టేవాళ్ల మీద కూడా ఒక మాట. వారిలో చాలామంది నిజంగా జనానికి పనికొచ్చే మనుషులు. అయితే ఒక అలవాటుంది. వచ్చినవాడు చెప్పింది కాకుండా, ఆఫీసులో నడిచేది రాస్తారు. పక్కవాడు గట్టు జరిపాడని ఒకడు చెబితే, అంత చిన్నదానికి పలకరు అని, కొట్టబోయాడు, చంపుతానన్నాడు అని కలుపుతారు. చెప్పినవాడికి ఆ సంగతే తెలియదు. తర్వాత విచారణకు పిలిచి అడిగితే "నన్నెవరూ కొట్టలేదయ్యా" అంటాడు. దాంతో గట్టు సంగతి కూడా అబద్ధమైపోతుంది. రాజ్యాంగం 350వ అధికరణం, తన కష్టం చెప్పుకునే విన్నపాన్ని కేంద్రంలో గానీ రాష్ట్రంలో గానీ వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా పెట్టుకోవచ్చని ప్రతి మనిషికీ హామీ ఇచ్చింది. భాష ఏదైనా సరే, విన్నపం అతనిదై ఉండాలి. రాసినదాన్ని సంతకానికి ముందు మొదటి నుంచి చివరిదాకా అతని భాషలో చదివి వినిపించడానికి ఐదు నిమిషాలు చాలు.

ఇక్కడ అందరూ తడబడే ప్రశ్న ఒకటి వస్తుంది. అవతలివాడు తిట్టిన తిట్టు కూడా మోయాలా? కౌంటరులో గుమాస్తా విసుగ్గా, "ఈ ముసలాడికి ఎన్నిసార్లు చెప్పాలి, బుర్ర లేదా" అంటాడు. మేనల్లుడు దాన్ని "ఇంకో కాగితం తెమ్మంటున్నాడు మామయ్యా" అని మారుస్తాడు. గొడవ తప్పింది, మామయ్య మనసు నొచ్చుకోలేదు, మంచిదే అనిపిస్తుంది. కానీ మామయ్యకు ఆ గొంతు వినపడింది, ఆ మొహం కనపడింది. తనను ఏదో అన్నారని తెలుసు, ఏమన్నారో తెలియదు. ఆ తెలియనితనం తిట్టుకంటే ఎక్కువ కుంగదీస్తుంది. ఎదురు మాట్లాడాలో వద్దో నిర్ణయించుకునే వీలు కూడా ఆయనకు లేకుండా పోయింది. శిక్షణ పొందిన దుబాసీలు దీనికి తేలికైన మార్గం కనిపెట్టారు. మొదటే ఇద్దరికీ చెప్పేస్తారు: మీరు ఏమన్నా అది వారికి చెబుతాను. ఆ ఒక్క మాటతో తిట్టే నోరు సగం సార్లు దానంతటదే సర్దుకుంటుంది. మేనల్లుడు గుమాస్తాతో ఒడియాలో, "బాబూ, మీరన్నదంతా ఆయనకి చెప్పాలి, చెప్పమంటారా" అని మర్యాదగా అడిగితే చాలు. అబద్ధమూ ఆడక్కర్లేదు, తగాదా కూడా పెరగదు.

అదే దుబాసీల దగ్గర నేర్చుకోదగినవి ఇంకో రెండున్నాయి. అవతలివాడు "నేను" అంటే తానూ "నేను" అనే చెప్పడం ఒకటి. అలా చేస్తే మధ్యలో తన అభిప్రాయం దూరడానికి సందు దొరకదు. రెండోది, విన్నదాన్ని తిరిగి చెప్పించుకోవడం. "మందులు ఎన్నాళ్లు వేసుకోమన్నాడో చెప్పు మామ్మా" అని అడిగితే, ఆరు నెలలన్న జవాబు రాకపోతే ఇంకోసారి చెప్పొచ్చు. ఆసుపత్రుల్లో ఈ పద్ధతి వాడుకలో ఉన్నదే. ఇంటి మనిషి కూడా వాడొచ్చు.

మాట మోయడం ఒక ఎత్తు, అవతలివాడి ఎదుటే వాడికి తెలియని భాషలోకి జారుకోవడం ఇంకో ఎత్తు. రాయగడ జిల్లా చాటికోన బుధవారం సంతకు డొంగరియా తెగ ఆడవాళ్లు నియమగిరి కొండలు దిగి అనాసలు, పసుపు, పనసకాయలు మోసుకొస్తారు. కొనేవాళ్లలో తెలుగు వ్యాపారులూ ఉంటారు. బేరం దేశియాలో నడుస్తుంది. మధ్యలో ఇద్దరు వ్యాపారులు తెలుగులోకి మారి, "ఎక్కువ అనకు, ఎండ ముదిరితే అదే ఇచ్చి పోద్ది" అనుకుంటారు. అనాసల గంప మోసుకుని తెల్లవారకుండా బయలుదేరిన మనిషి ముందు కూర్చుని, ఆమె అలసటనే ధర తగ్గించే ఎత్తుగా మాట్లాడుకుంటారు. బేరమాడడం తప్పు కాదు, సంత అంటేనే బేరం. ఆమె ఉండగానే ఆమె లేనట్టు మాట్లాడడమే తప్పు. పైగా ఏళ్ల తరబడి తెలుగు వ్యాపారులతో మసలిన ఆడవాళ్లకు తెలుగు అర్థం కాదనుకోవడం భ్రమ. వారు విని, తలవంచుకుని, వచ్చిన ధరకు ఇచ్చి వెళతారు. మళ్లీ వారం ఇంకో వ్యాపారి దగ్గరికి పోతారు.

సంబోధన సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. ఒడియాలో తు, తుమే, ఆపణ అని మూడు మెట్లున్నాయి, తెలుగులో నువ్వు, మీరు. తనకంటే చిన్నవాడైన గుమాస్తాను "ఆపణ" అనే నోరు, తండ్రి వయసున్న కొండమనిషిని చూడగానే "తు" అంటుంది, తెలుగులోనైతే "ఒరే" అని కూడా. బడికి వెళ్లే పిల్లలు కూడా పెద్దలను చూసి అదే పట్టుకుంటారు. దీన్ని సమర్థించడానికి ఒక్క కారణమూ లేదు.

ఎవరి మాటో తెలియని మాటను మోయడం అన్నిటికంటే ప్రమాదం. ఈ కొండప్రాంతంలో "ఆవిడ చిల్లంగి పెడుతుందంట" అన్న ఒక్క వాక్యం మనుషుల ప్రాణాలు తీసింది. ఒక పిల్లవాడికి జ్వరం తగ్గదు, ఎవరో ఒంటరి ముసలావిడ పేరు గొణుగుతారు, ఆ గొణుగుడు ఊరు దాటేసరికి సాక్ష్యంగా మారుతుంది. ఒడిశా 2013లో మంత్రగత్తె ముద్రవేసి వేధించడాన్ని నేరం చేస్తూ ప్రత్యేక చట్టం తీసుకురావాల్సి వచ్చింది. చట్టం పట్టుకునేది చేయి చేసుకున్నవాళ్లనూ, ముద్ర వేసినవాళ్లనూ. టీ కొట్టు దగ్గర "అంట" చేర్చి చెప్పిన పదిమంది ఇంటికి వెళ్లి హాయిగా పడుకుంటారు. "అంట" అన్నంత మాత్రాన పూచీ తప్పిపోదు. ఎవరన్నారు, వారికెలా తెలుసు అని ఒక్కరు అడిగినా ఆ కబురు అక్కడే ఆగిపోయేది.

ఫోన్లు వచ్చాక ఈ గాలి కబుర్లకు కొండలూ, భాషలూ అడ్డం కావడం మానేశాయి. 2018లో పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్లు తిరుగుతున్నారన్న మెసేజీలు దేశమంతా పాకి, కొత్తగా కనిపించినవాళ్లను గుంపులు కొట్టి చంపాయి. మహారాష్ట్రలో ధూలే జిల్లా రైన్‌పాడా గ్రామంలో ఆ ఏడాది జూలై 1న ఐదుగురు సంచార జాతి మనుషులు అలాగే చనిపోయారు. అదే నెలలో వాట్సాప్ మన దేశంలో ఒక మెసేజీని ఒక్కసారిగా ఐదు చాట్లకు మించి పంపకుండా కట్టడి పెట్టింది. భాష తెలియని ఊరికి పనికోసం వెళ్లే మనుషులు ఎక్కువగా ఉండే ఈ జిల్లాలకు ఆ భయం దూరపు సంగతి కాదు. అవతలి రాష్ట్రంలో కొత్తగా కనిపించే ఆ మనిషి రేపు మన మేనల్లుడే కావచ్చు.

తుఫాను రోజుల్లో సరిహద్దు గ్రూపుల్లో వేరే గందరగోళం. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటింది. దెబ్బ శ్రీకాకుళానికి ఎంతో గజపతి, గంజాం జిల్లాలకూ అంత. అలాంటి రాత్రుల్లో ఆంధ్రా అధికారుల హెచ్చరిక ఒడిశా తెలుగువారి ఫోన్లకూ, ఒడిశా హెచ్చరిక ఇచ్ఛాపురం ఫోన్లకూ వస్తుంది. జిల్లా పేరు లేకుండా, తేదీ లేకుండా, "రేపు బళ్లు బంద్, ఈ నంబరుకు ఫోన్ చేయండి" అని పంపితే ఆ నంబరు పక్క రాష్ట్రానిది. ఏడాది కిందటి తుఫాను వీడియో కొత్తదై తిరుగుతుంది. ఏ జిల్లా, ఏ రోజు, ఎవరు చెప్పారు అన్న మూడూ లేని కబురును ముందుకు తోయకపోవడం కూడా సాయమే. తెలుగులో వచ్చిన హెచ్చరికను పక్కింటి సవర కుటుంబానికి నోటితో చెప్పి రావడం అంతకంటే పెద్ద సాయం.

పెళ్లి సంబంధాల్లో మధ్యవర్తులు చేసే పని అందరికీ తెలిసిందే కాబట్టి ఎక్కువ చెప్పక్కర్లేదు. జయపురం అమ్మాయికి బొబ్బిలిలోనో పార్వతీపురంలోనో సంబంధం చూస్తారు. దూరం వల్ల అబ్బాయి కాంట్రాక్టు ఉద్యోగం పర్మినెంటు అవుతుంది, అమ్మాయికి రాని తెలుగు రాత వచ్చేస్తుంది. నష్టపోయేది ఇద్దరు పిల్లలు. మధ్యవర్తి ఆ పెళ్లిలో భోజనం చేసి వెళ్లిపోతాడు.

ఒక మాట సవ్యంగా అడిగి, సవ్యంగా విని, సవ్యంగా రాస్తే ఎలా ఉంటుందో ఈ జిల్లాలే దేశానికి చూపించాయి. నియమగిరిలో బాక్సైట్ తవ్వకం మీద 2013 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు, నిర్ణయం గ్రామసభలకు వదలమంది. జిల్లా జడ్జి స్థాయి న్యాయాధికారి పరిశీలకుడిగా కూర్చోవాలనీ, ఏ ఒత్తిడీ లేకుండా సభ జరిగిందని మినిట్స్ మీద సంతకం పెట్టాలనీ చెప్పింది. రాయగడ, కలహండి జిల్లాల్లో ఎంపిక చేసిన 12 పల్లెల్లో జూలై, ఆగస్టు నెలల్లో సభలు జరిగాయి. 12 పల్లెలూ వద్దన్నాయి. గని కావాలా వద్దా అన్న వాదన పక్కన పెట్టి చూసినా, అక్కడ జరిగిన సంభాషణ తీరు గమనించదగ్గది. మనుషులు తమ భాషలో, తమ ఊళ్లో, తమ కొండ గురించి మాట్లాడారు. విన్నవాడికి వారి మాట మార్చే అధికారం లేదు, విన్నానని పూచీ పడే బాధ్యత మాత్రం ఉంది. గుమాస్తా కౌంటరు దగ్గర, ఆసుపత్రి ఓపీలో అంతటి ఏర్పాటు కుదరదు నిజమే. దాని వెనకున్న ఆలోచన మాత్రం ఎక్కడైనా కుదురుతుంది.

దీనికి ఎదురు ఉదాహరణ కొటియా. కోరాపుట్ జిల్లా పొట్టంగి బ్లాకుకూ సాలూరుకూ మధ్య ఉన్న 21 గ్రామాల మీద రెండు రాష్ట్రాల తగాదా 1968లోనే సుప్రీంకోర్టుకెక్కింది. 2021లో ఆంధ్రప్రదేశ్ అక్కడి కొన్ని ఊళ్లలో పంచాయతీ ఎన్నికలు పెడితే మళ్లీ కోర్టు దాకా వెళ్లింది. ఆ ఊళ్ల జనానికి రెండు వైపుల నుంచీ అధికారులు వస్తారు, రెండు భాషల్లో బోర్డులు, రెండు రకాల కార్డులు. ప్రతి ఒక్కరూ తమ పథకం గొప్పలే చెబుతారు. ఈ కాగితం తీసుకుంటే అది దేనికి రుజువవుతుంది, అవతలి రాష్ట్రం నుంచి వచ్చేది ఆగుతుందా లేదా అని కూర్చోబెట్టి చెప్పడం, తెలియకపోతే తెలియదని చెప్పడం అక్కడికి వెళ్లే ప్రతి ఉద్యోగి మీదా ఉన్న బాధ్యత. అంత చేయాలని ఏ సర్క్యులరూ అడగకపోయినా సరే.

ఈ నేల మీదే నూటపాతికేళ్ల కిందట ఇంకో దారి తొక్కిన మనిషి గిడుగు రామమూర్తి. తెలుగు వ్యావహారిక భాషోద్యమం వల్ల ఆయన పేరు తెలియని తెలుగువాడు ఉండడు, పుట్టినరోజు ఆగస్టు 29ని భాషా దినోత్సవంగా జరుపుకుంటాం. ఆయన అంతకుముందు చేసిన పని ఈ వ్యాసానికి ఎక్కువ దగ్గర. పర్లాకిమిడి రాజావారి బడిలో పంతులుగా ఉంటూ, ఆ చుట్టుపక్కల కొండల సవరల భాష నేర్చుకున్నారు. తెలుగు తెలిసిన సవర మనిషిని ఇంట్లో పెట్టుకుని నేర్చుకున్నారు. సవర పిల్లలకు వాచకాలు రాశారు, సొంత ఖర్చుతో బళ్లు నడిపారు. ఆయన రాసిన సవర వ్యాకరణం 1931లో అచ్చయింది. పంతులు గారికి సవర రాకపోతే పోయేదేమీ లేదు, సవరలే వచ్చీ రాని తెలుగులో ఏదో చెప్పుకునేవారు. బలం ఉన్నవాడు బలం లేనివాడి భాష వైపు నడవాలని ఆయన చేసి చూపించారు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడి పర్లాకిమిడి అందులో కలిసినప్పుడు ఆయన ఆ ఊరు విడిచి రాజమహేంద్రవరం వెళ్లిపోయారు. ఆయన నడిచిన దారిలో ఇప్పటి తెలుగు వ్యాపారులూ, టీచర్లూ, కాంపౌండర్లూ నడవడానికి వ్యాకరణం రాయనక్కర్లేదు. నొప్పి ఎక్కడ, ఎన్నాళ్లనుంచి, ధర ఎంత, మీరు చెప్పండి, నేను మళ్లీ చెబుతాను, ఈ పాటి మాటలు కువిలో, సవరలో నేర్చుకుంటే చాలు.

పిల్లల సంగతి విడిగా ఆలోచించాలి. ఇంట్లో ఒడియా చదవగలిగేది పన్నెండేళ్ల అమ్మాయి ఒక్కతే అయితే అప్పు నోటీసూ ఆమే చదవాలి, తల్లి గర్భసంచి ఆపరేషన్ గురించి డాక్టరు చెప్పేదీ ఆమే చెప్పాలి. కొన్ని మాటలు ఆ వయసు నోట రావు, రాకూడదు. తల్లి కూడా కూతురి ముందు డాక్టరుకు నిజం చెప్పదు. అలాంటి చోట ఆశా కార్యకర్తనో, ఏ.ఎన్.ఎమ్.నో, రెండు భాషలూ తెలిసిన పెద్ద ఆడమనిషినో పిలవమని డాక్టరు తానే అడగాలి. ఆ మనిషి విన్నది గది దాటి బయటికి రాకూడదు. ఏకాంతం ప్రాథమిక హక్కని 2017లో సుప్రీంకోర్టు తొమ్మిదిమంది జడ్జీల ధర్మాసనం చెప్పింది. అది ఢిల్లీలో ఉన్నవాళ్లకు ఎంతో, గుణుపురం వార్డులో మంచం మీద ఉన్న ఆవిడకూ అంతే.

నిజానికి ఇదంతా ఇంటి మనుషుల మంచితనం మీద వదిలేయడం కూడా సరికాదు. బరంపురం ఎం.కె.సి.జి.కి, కోరాపుట్ షహీద్ లక్ష్మణ్ నాయక్ మెడికల్ కాలేజీకి, విశాఖ కె.జి.హెచ్.కి రోజూ రెండో భాష మనుషులు వస్తారని అందరికీ తెలుసు. ఓపీ చీటీలు ఇచ్చే చోటే తెలుగు, ఒడియా, కువి, సవర తెలిసినవాళ్లను జీతమిచ్చి కూర్చోబెట్టాలి. కోర్టులో దుబాసీలాగే వారితోనూ ప్రమాణం చేయించాలి. ఆ కొండ ఊళ్లలో ప్లస్‌టూ దాకా చదివి ఖాళీగా ఉన్న సవర, కువి అమ్మాయిలు చాలామందే ఉన్నారు. ఆ ఉద్యోగాలు మొదట వారికే రావాలి.